వంటావిడ రాసుకొచ్చిన వారం

పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడిపోయిన ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటావిడ, డాక్టరమ్మ చెప్పినట్టే వారం రోజులూ నోటుపుస్తకంలో రాసుకొచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"సోమవారం మధ్యాహ్నం ఇరవై కిలోల బీన్సు, నాలుగొందల గుడ్లు. ఏంటమ్మా ఇది?"

"తిన్నవి రాయమన్నారుగా మేడమ్!"

"మీరు తిన్నవి! పక్కన మనసెలా ఉందో రాయమంటే, 'వెల్డింగువాళ్లు చిరాగ్గా ఉన్నారు, ప్యాకింగమ్మాయిలు నవ్వుకుంటూ తిన్నారు' అని రాశారు."

"నిజమేనండీ. తప్పా?"

వంటావిడకి అంతా తికమకగా ఉంది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు మరి.

"సరే, ఆ రోజు మీరేం తిన్నారు?"

"ఉప్పు చూశానండీ."

"అది తినడం కాదమ్మా. కంచంలో పెట్టుకుని, కూర్చుని?"

వంటావిడ లెక్కపెడుతున్నట్టు వేళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"అందరికీ వడ్డించేసరికి ఆకలి చచ్చిపోతుందండీ."

"పోనీ, మీకేం ఇష్టమో చెప్పండి. అక్కణ్నుంచే మొదలుపెడదాం."

"మా ఆయనకి గుడ్లండీ. అమ్మాయికి బఠానీలంటే ప్రాణం."

"మీకు?"

వంటావిడ నోటుపుస్తకం తన వైపు లాక్కుని, మొదటి పేజీ నుంచి వెతకడం మొదలుపెట్టింది.