స్టెప్నీ గిన్నె

గడియారాల మెకానిక్ ఇంటి ముందుగది. ఆయన కొట్టూ అదే. వచ్చినవాడు బస్సు కండక్టరు, మెకానిక్ వాళ్ళ అన్న స్టీరింగ్ ముందు కూర్చున్నన్నాళ్ళూ అదే బస్సులో టిక్కెట్లు కొట్టినవాడు. ఇద్దరికీ మధ్య నేల మీద ఒక గిన్నె, గిన్నె ముందు ఒక మొండి కుక్కపిల్ల.

"మళ్ళీ ముట్టుకోలేదు, చూశారా కండక్టర్ గారూ. ఇందాకటి నుంచీ ఇదే వరస. గిన్నె వంక చూస్తుంది, నా వంక చూస్తుంది, మళ్ళీ గిన్నె వంక చూస్తుంది."

"నీ వంక ఎందుకు చూడటం? దాని గిన్నెలో నువ్వేమైనా చెయ్యి పెడతావా?"

"దాన్నే అడగండి."

"ఏమే స్టెప్నీ, ఏంటే నీ గోల? అదిగో, చొంగ కారి నేలంతా తడిసిపోతోంది. ఆకలి లేనిదానికి నోరెందుకు ఊరుతుంది తమ్ముడూ?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. మీరు తీసుకెళ్ళిపోండి. మీ ఇంట్లో తింటుందేమో. ఫోనులో చెప్పాను కదా."

"చెప్పావు. అందుకే వచ్చాను. దీన్ని ఇంట్లో దించేసి, మళ్ళీ రెండో షిఫ్టుకి డిపోకి పరిగెత్తాలి. తాడేదీ?"

"తాడు... ఎక్కడో పెట్టాను."

"ఎక్కడ?"

"చూస్తాను. ముందు మీరు కూర్చోండి. నిలబడి నిలబడి వచ్చారు."

"నిలబడటం నాకేమైనా కొత్తా? సరే, కూర్చున్నాను. డాక్టరమ్మ ఏమంది?"

"పెరగాల్సిన వయసులో తరిగిపోతోంది అంది. పాలు వద్దంది. బిస్కెట్లు వద్దంది. మనం తినేవి అసలే పెట్టొద్దంది. ఈ ప్యాకెట్టులో గింజలే దీనికి బలమట. ఇంకొన్నాళ్ళు ఇలాగే మొండికేస్తే సెలైన్ పెట్టాలంది."

"గింజలు మెత్తబడి ఉంటాయి."

"కొత్త ప్యాకెట్టండీ. అన్న తెచ్చే రకమే. అదే కొట్టు, ప్యాకెట్టు మీద అదే కుక్క బొమ్మ."

"ఆయనున్నప్పుడు తినేదిగా?"

"తినడమా? గిన్నె గోడకి కొట్టుకునేదాకా నాకేది. ఆ చప్పుడుకి నా చేతిలో స్క్రూ జారిపోయేది, ఇక్కడి నుంచి అరిచేవాణ్ణి."

"ఇప్పుడేమైంది మరి?"

"ఏం కాలేదు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను, ముట్టలేదు. గిన్నె మార్చాను, వంటింట్లో పెట్టాను, వాకిట్లో పెట్టాను. పావుగంట పెట్టి తీసెయ్యండి, దారికొస్తుంది అంది డాక్టరమ్మ. తీసేశాను. నా కాళ్ళ చుట్టూ తిరిగి ఏడ్చింది తప్ప, దారికి రాలేదు."

"చేత్తో పెట్టి చూశావా?"

"మొహం తిప్పేసుకుంది. పక్కన కూర్చుని మీరు తింటున్నట్టు నటించండి అంది. నటించాను."

"ఎలా?"

"ఎలా ఏంటి, కింద కూర్చుని, చప్పరిస్తూ... నవ్వకండి."

"నవ్వట్లేదు. చెప్పు."

"నా వంక జాలిగా చూసింది. అప్పుడు ఒక గింజ నిజంగానే నోట్లో వేసుకున్నాను."

"నువ్వు?"

"ఒక్కటే. చప్పగా ఉంది."

"కొంపదీసి నీ భోజనం కూడా అదేనా?"

"మీరు మరీను."

"లేకపోతే చొక్కా అంత వదులుగా వేలాడుతోందేం? అది సరే, ఇన్నాళ్ళు ఏం తిని బతికింది ఇది?"

"అదే చిత్రం. గిన్నెలోంచి ఒక గింజ జారి నేల మీద పడిందనుకోండి, గుటుక్కున మింగేస్తుంది. అదే గింజ గిన్నెలో ఉంటే ముట్టదు. కావాలని చాటుగా నాలుగు కింద పడేస్తున్నాను. అలా బతుకుతోంది."

"అంటే రుచితో పేచీ లేదన్నమాట."

"రుచితో లేదు. నోటితోనూ లేదు. బల్ల మీద పడుకోబెట్టి, కంటికి భూతద్దం పెట్టుకుని, పళ్ళూ నాలికా గొంతూ అన్నీ చూశాను."

"వాచీలాగా విప్పేశావా?"

"వీలుంటే విప్పేవాణ్ణే. ఏ గడియారమైనా ఆగిందంటే లోపల ఏదో అడ్డం పడి ఉంటుంది. దీనికి ఏ అడ్డమూ లేదు. అయినా ఆగిపోయింది."

"గడియారమంటే గుర్తొచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఏదో తేడాగా ఉందేంటా అనుకుంటున్నా. గోడ నిండా ఇన్ని ఉన్నాయి, ఒక్కటీ కొట్టుకోదేం?"

"ఆపేశాను."

"అన్నీనా?"

"చప్పుడు."

"చప్పుడని మీ అన్న కదా తిట్టేవాడు. ‘ఒక గంట కొడితే చాలదా, ఇంట్లో ఇన్ని గంటలా’ అని డిపోకొచ్చి మా అందరికీ చెప్పేవాడు."

"ఆయన తిడుతున్నప్పుడు బాగానే ఉండేది. ఇప్పుడు అవి కొడుతూ ఉంటే... ఎవరూ తిట్టరు. వింటూ కూర్చోవాలి. ఎందుకులే అని ఆపేశాను."

"మంచినీళ్ళు తెచ్చుకుంటానుండు."

"నేను తెస్తానండీ."

"నువ్వు తాడు వెతుకు. వంటిల్లు నాకు తెలీదా ఏంటి, ఎన్నిసార్లు తిన్నాను ఇక్కడ... తమ్ముడూ."

"ఏంటండీ?"

"ఈ పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళైంది? బర్నరు మీద సాలీడు కాపురం పెట్టింది."

"బయట తింటున్నాను."

"బయటంటే?"

"బయటే. ఎక్కడో ఒకచోట. వంట అన్న చేసేవాడు కదా, నాకెక్కడొచ్చు? ఇదిగో, తాడు దొరికింది."

"ఎక్కడ దొరికింది?"

"ఇక్కడే. నా సొరుగులో."

"వాచీల సొరుగులో కుక్క తాడా?"

"తీసుకోండి. ఈ చొక్కా కూడా తీసుకెళ్ళండి. అన్న యూనిఫాం. దాని మీదే పడుకుంటుంది. ఉతక్కండి, వాసన పోతే నిద్రపోదు."

"చొక్కా నువ్వుంచుకో."

"నాకెందుకు? దానికే అలవాటు."

"దాని సంగతి సరే. నిన్ను వదిలి వస్తుందా అసలు?"

"నాతో దానికేం ఉంది? డిపోలో టైరు కింద పడబోతుంటే అన్న ఎత్తుకొచ్చాడు, స్టెప్నీ అని పేరు పెట్టాడు. దాని లోకమంతా ఆయనే. నేను వీపు తిప్పుకుని పని చేసుకునేవాణ్ణి."

"మరి నీ చెప్పు మీద తల ఆనించింది చూడు."

"నమలడానికి."

"నమలట్లేదు. ఊరికే ఆనించింది."

"కండక్టర్ గారూ, తాడు కట్టండి. మీకు ఆలస్యమవుతుంది."

"నాకు ఆలస్యమైతే నేను చూసుకుంటా. ఉంచేసుకోరాదూ? ఈ ఇంట్లో నీకు తోడంటూ..."

"ఉంచుకోవాలనే ఉందండీ. నాకు లేదనుకున్నారా? పొద్దున లేచేసరికి ఇంట్లో కదిలేది ఇదొక్కటే. కానీ ఇక్కడుంటే చచ్చిపోతుంది. అన్నని ఆస్పత్రిలో చూశాను కదా, ఒక్కో రోజూ ఒక్కో ముద్ద తగ్గించుకుంటూ పోయాడు. మళ్ళీ అదే నా చేతుల్లో చూడమంటే చూడలేను. మీ ఇంట్లో మనుషులున్నారు, మాటలుంటాయి. తీసుకెళ్ళండి."

"సరే సరే. కట్టేస్తాను. అయితే ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి. మీ అన్న దీనికి ఎలా పెట్టేవాడు? మొదటి నుంచీ చెప్పు."

"నాకేం తెలుసండీ, నా వీపు అటు. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించేది. గింజలు గలగలమని పడేవి. గిన్నె నేల మీద పెట్టేవాడు. ఆయన కంచం కూడా దాని పక్కనే పెట్టుకునేవాడు. ఇద్దరూ కింద కూర్చుని తినేవాళ్ళు."

"పెట్టుకోగానే తినేసేవాడా?"

"మరేం చేస్తాడు?"

"మాతో ఉన్నప్పుడు తినేవాడు కాదే. ఆఖరి స్టాపులో బండి ఆపి, చెట్టు నీడన ఇద్దరం కూర్చునేవాళ్ళం. క్యారేజీ విప్పి, మూత పక్కన పెట్టి, అలాగే చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేను పాసింజర్లతో చిల్లర గొడవల్లో ఉంటే నేనొచ్చేదాకా ముట్టేవాడు కాదు. రాగానే గట్టిగా, ఆ స్టాపంతా వినబడేలా, ‘ఒరేయ్, తిన్నావా?’ అని..."

"ఆగండి."

"ఏమైంది?"

"లేచి నిలబడింది."

"ఎవరు?"

"స్టెప్నీ. తోక చూడండి. ఇప్పుడేమన్నారు మీరు?"

"నేనేమన్నాను? మీ అన్న మాట అన్నాను. ‘ఒరేయ్, తిన్నావా?’ అని."

"చెవులు చూడండి, చెవులు."

"అవును కదూ. మరి తినదేం? గిన్నె మీదికి వంగింది, ఆగిపోయింది. మళ్ళీ నీ వంకే చూస్తోంది."

"నా వంకేనా?"

"నీ వంకే. ఇంట్లో కూడా ఈ మాట అనేవాడా?"

"రోజూ. గిన్నె పెట్టాక, కంచం ముందు కూర్చుని, అక్కడి నుంచి అరిచేవాడు. దాన్ని కాదు, నన్ను."

"నువ్వేమనేవాడివి?"

"ఏమంటాను, తల కూడా ఎత్తేవాణ్ణి కాదు. ‘ఆఁ, తిన్నాను’ అనేవాణ్ణి."

"తమ్ముడూ."

"ఊఁ?"

"కదలకు. మెల్లిగా కిందకి చూడు. తింటోంది."

"తింటోంది. కండక్టర్ గారూ, గిన్నెలోంచే తింటోంది."

"అదీ సంగతి. దానికి గింజలతో పేచీ లేదు, నీతో పేచీ. నువ్వు తిన్నానన్న మాట చెవిన పడందే ముట్టకూడదని నేర్చుకుంది."

"ఎవరూ నేర్పలేదండీ."

"నేర్పకపోవడమేం, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రోజూ విన్నదేగా. ఆయన అడగాలి, నువ్వు తిన్నాననాలి, అప్పుడు ఆయనా, ఇదీ తినాలి. నీ ఆ మాట కోసం ఇన్నాళ్ళూ నీ మొహం చూస్తూ కూర్చుంది. ఏంటి, కళ్ళు తుడుచుకుంటున్నావా?"

"భూతద్దం ఒత్తుకుంది."

"భూతద్దం బల్ల మీదుంది."

"నేను అబద్ధం చెప్పేవాణ్ణండీ."

"ఎవరికి?"

"అన్నకి. సగం రోజులు తినేవాణ్ణి కాదు. చేతిలో పని వదలబుద్ధయ్యేది కాదు. తినలేదంటే ఆయన కంచం వదిలి లేచొస్తాడు, నన్ను లేపుతాడు, గొడవ. అందుకని తల ఎత్తకుండానే తిన్నానని అనేసేవాణ్ణి."

"ఆయనకి తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు తినలేదని. వండినవాడికి తెలీదా, గిన్నెలో ఎంత మిగిలిందో? నాతో అనేవాడు. ‘మావాడు తిన్నానంటాడు, నేను నమ్మినట్టు రెండు ముద్దలు తింటాను. తర్వాత కంచంలో పెట్టి, చప్పుడు చెయ్యకుండా వాడి మోచేతి పక్కన పెట్టేస్తాను. చూసుకోకుండా తినేస్తాడు’ అని."

"మోచేతి పక్కన... అవును, ఉండేది. అది నేనే తెచ్చుకున్నాననుకునేవాణ్ణి."

"నువ్వెప్పుడు తెచ్చుకున్నావు నాయనా, కుర్చీలోంచి లేస్తే కదా. ఈ తాడు మళ్ళీ సొరుగులో పెట్టెయ్. దీనికిక నాతో పనిలేదు."

"రేపటి సంగతేంటండీ?"

"రేపేముంది, గిన్నె పెట్టు, అడుగు, తింటుంది."

"ఎవరు అడగాలి? నేనే ఒరేయ్ అని, నేనే ఆఁ అనుకోవాలా? ఈ ఇంట్లో ఆ మాట నన్ను అడిగేవాళ్ళెవరు?"

"ఫోనుంది కదా. మధ్యాహ్నం ఆఖరి స్టాపులో బండి ఆగగానే నేను చేస్తాను. గిన్నె పక్కన పెట్టి స్పీకరు నొక్కు. నేనడుగుతాను, నువ్వు చెప్పు."

"మీకు శ్రమ."

"శ్రమేంటి, నీకోసమనుకున్నావా? కొత్త డ్రైవరు కుర్రాడు మంచివాడే. కానీ చెవుల్లో పాటలు పెట్టుకుని, అటు తిరిగి తినేస్తాడు. చెట్టు కింద నా పక్కన ఇప్పుడు నా సంచీ కూర్చుంటోంది. ఎవరో ఒకరిని ఆ మాట అడక్కపోతే నాకూ క్యారేజీ మూత తియ్యబుద్ధి కావట్లేదు."

"గోడ గడియారం ఒకటి నడిపిస్తాను అయితే. మీ ఫోను వేళకి గంట కొట్టేలా."

"ఒకటే. ఇంట్లో ఇన్ని గంటలెందుకు."

"ఆయన మాటే అంటున్నారు."

"నోటికొచ్చేస్తుంది, ఏం చెయ్యను. అదిగో, గిన్నె గోడ దాకా తోసేసింది. ఖాళీ."

"ఖాళీ. ఆ చప్పుడు విన్నారా?"

"విన్నాను. ఇక నేను లేవాలి. బస్సు నాకోసం ఆగదు. లేచే ముందు ఒక్క మాట."

"చెప్పండి."

"మళ్ళీ అడుగుతాను. ఈసారి కుక్క కోసం కాదు. అది తినేసింది, దాని కడుపు నిండింది. తినలేదన్నా కంచం వదిలి లేచేవాళ్ళెవరూ లేరిక్కడ, కాబట్టి అబద్ధంతో పనిలేదు. తల ఎత్తు, నా వంక చూసి చెప్పు. ఒరేయ్, తిన్నావా?"

"..."

"నిన్నే."

"లేదన్నా."