శ్రీ హనుమంతరాయుడు గారి నడుము వంగిన వైనం

1931వ సంవత్సరం జులై ఒకటవ తేదీ ఉదయాన, చిత్రావతి సహకార భూమి తనఖా బ్యాంకు పెనుకొండ శాఖలో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీ హనుమంతరాయుడు గారికి ఆ శాఖ ద్వారబంధమే తొలి స్వాగతం పలికింది. ఆజానుబాహువులైన వారు తల వంచి లోపలికి రావలసింది పోయి నిటారుగానే వచ్చి, నుదుటిన బొప్పితోనే హాజరుపట్టీలో సంతకం చేశారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆ నడుము ఏ అధికారి ముందూ వంగలేదనుట అతిశయోక్తి కాదు. నడుమ ఒక్క నెల మాత్రం వంగింది. ఆ నెల కథ చెప్పకుండా వారి ఉద్యోగ చరిత్ర చెప్పడం ఈ రచయితకు చేతకాదు.

1938లో హిందూపురం శాఖకు క్షేత్ర పర్యవేక్షకులుగా వెళ్ళిన వారు, రొద్దం మొదలు సోమందేపల్లి దాకా ప్రతి బావినీ ప్రతి చేనునూ సైకిలు మీద తిరిగి తనిఖీ చేశారు. కానీ రైతు ఇంట విస్తరి వేస్తే కాదనగలిగే కాఠిన్యం వారికి లేదు. ఓళిగలు, నెయ్యి, సంగటి, ఊరుబిండి నిత్యకృత్యమైపోగా, నడుము వంగకపోయినా పొట్ట మాత్రం ఏ సంకోచమూ లేకుండా ముందుకు సాగింది. 1955లో చక్కెర జబ్బు బయటపడి వైద్యులు హెచ్చరించడంతో, ధర్మపత్ని శ్రీమతి సిద్ధమ్మ గారు వంటింటి తాళంచెవి కొంగున ముడివేశారు. కొర్రన్నం, పలుచని మజ్జిగ, పొద్దుగూకులా నడక. రెండేళ్ళలో మనిషి సగమయ్యారు.

మనిషి సగమయ్యారు గానీ తోలు సగం కాలేదు. పొట్ట చర్మం ఖాళీ గోనెసంచిలా తొడల మీదికి వేలాడింది. వేసవిలో చెమటకు ఒరుసుకుని పుండ్లు పడి, సైకిలెక్కడమే గగనమైంది. అప్పటికి ధర్మవరం శాఖలో ఉన్న వారు బెంగుళూరులోని ఒక పెద్దాసుపత్రికి పోగా, అక్కడి శస్త్రవైద్యులు వేలాడే భాగాన్ని కోసి కుడతామన్నారు. అయితే అంతవరకు బరువు పెరగరాదు, దగ్గితే కుట్లు ఊడతాయి గనుక చుట్ట ముట్టరాదు అని షరతు పెట్టారు. నాటి నుంచి ధర్మవరం రైలు స్టేషనులో పార్సిళ్ళు తూచే కాటా మీద వారు వారం వారం నిలబడటం, పక్కన చీరల మూటలతో నేతగాళ్ళు ఓపికగా కాచుకోవడం పరిపాటి అయింది.

ఈ సన్నాహానికి పెద్ద విఘ్నం రొద్దం నుంచి నేతికుండతో దిగిన వారి అక్కగారు యల్లక్క.

“ఏమే సిద్ధమ్మా, నా తమ్మునికి కూడు పెడతాండావా, గాలి పెడతాండావా?”

“ఇప్పుడు ఒళ్ళు పెరిగితే కొయ్యకుండా ఇంటికి పంపిస్తారంట వదినా. ఆ కుండ ఈడ పెట్టొద్దు, నీకు దండం పెడతా.”

కుండ వచ్చిన బస్సులోనే వెనక్కి పోయింది. యల్లక్క ఏడాదిపాటు మాట్లాడలేదు.

1958లో శస్త్రచికిత్స నిర్విఘ్నంగా జరిగింది. కుట్లు బిగువుగా ఉన్నందున కొన్నాళ్ళు ముందుకు వంగే నడవాలని, నవ్వు గానీ దగ్గు గానీ వస్తే పొట్టకు దిండు అదుముకోవాలని వైద్యులు ఆదేశించారు. పొట్టి మనిషైన సిద్ధమ్మ గారి భుజం ఆ వంపుకు సరిగ్గా అందింది. ఆ భుజం పట్టుకునే వారు వరండాలో నడక నేర్చారు. అన్నేళ్ళ కాపురంలో ఆమె ముఖాన్ని ఎదురెదురుగా చూసింది ఆ రోజుల్లోనేనని వారే చెబుతారు.

పరామర్శకు వెళ్ళిన మా అటెండరు పీరా, మంచం పక్కన నిలబడి ఎంతో విచారంగా అడిగాడు. “కోసిన తోలు యాడ పారేసినారు సార్? మన తోలుబొమ్మలోళ్ళకు ఇచ్చింటే ఒక రాముణ్ణి, ఒక రావణుణ్ణి చేసుకుందురు గదా!”

“నీ పాడుగాను, నవ్వించొద్దురా! సిద్ధమ్మా, దిండు! దిండు!” అని కేకలు వేస్తూ వారు కన్నీళ్ళు కార్చారు. పీరాను కొన్నాళ్ళు ఆ వార్డు ఛాయలకు రానివ్వలేదు.

సెలవు అయిపోయి, ఇంకా వంగిన నడుముతోనే విధులకు వచ్చే నాటికి మాకు కొత్త కార్యదర్శి గారు వచ్చి ఉన్నారు. తన ఎదుట ఎవరైనా నిటారుగా నిలబడితే వారికి గిట్టదు. గదిలోకి వంగి వచ్చి వంగి వెళ్ళే హనుమంతరాయుడు గారిని చూసి పరవశించి, “వినయమంటే ఇది!” అని మాకందరికీ ఉద్బోధించి, వారిని శాఖాధిపతిని చేయాలని ప్రతిపాదన తయారు చేయించారు. సంతకమొక్కటే మిగిలింది.

అంతలో బెంగుళూరు వైద్యులు కుట్లు కుదురుకున్నాయి, ఇక నిటారుగా నిలబడాలన్నారు. ఆఫీసంతా గగ్గోలు పెట్టింది. “ఆర్డరు వచ్చేదాంక వంగుండండి సార్, మీ సొమ్మేం పోతాది?” అని పీరా కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇరవై ఏడేళ్ళుగా ఎదురుచూసిన పదవి అది. ఆ రాత్రి వారు అన్నం సరిగా తినలేదని, “మీకేది సరి అనిపిస్తే అది చెయ్యండి, కొర్రన్నం ఏ జీతంలోనైనా ఉడుకుతాది” అని తానన్నానని సిద్ధమ్మ గారు తరువాత చెప్పారు.

మరునాడు వారు కార్యదర్శి గారి గదిలోకి ధ్వజస్తంభంలా వెళ్ళారు. కార్యదర్శి గారి కనుబొమలు ముడిపడ్డాయి. వీరు చొక్కా ఎత్తి మచ్చ చూపించారు.

“అయ్యా, నేను ఇన్నాళ్ళూ వంగింది మీకు కాదు, ఈ కుట్లకు. తెలియక మీరు సంతకం పెడితే నాకు మనసొప్పదు.”

స్థూలకాయులైన కార్యదర్శి గారు ఆ మచ్చను చూశారు. తమ పొట్టను చూసుకున్నారు. గుమ్మంలో గుంపుగా ఉన్న మమ్మల్ని పంపించి తలుపు వేయించారు. తలుపు చెక్క అవతలినుంచి పీరా విన్న మాటలు ఇవి.

“నొప్పి ఎక్కువా?”

“నవ్వితేనే, అయ్యా.”

పదవి ఆ ఏడు రాలేదు. మరో కార్యదర్శి హయాంలో 1961లో వచ్చింది, నిటారుగా నిలబడి ఉండగానే వచ్చింది. అయితే ఆ రోజు తరువాత, మాలో ఎవరం ఎలా నిలబడినా ఆ పాత కార్యదర్శి గారు పల్లెత్తు మాట అనలేదు.

ఈ వీడ్కోలు సంచికలోని ఛాయాచిత్రం గురించి ఒక మాట. అందులో హనుమంతరాయుడు గారు వంగి కనిపిస్తారు. వార్ధక్యమని ఎవరూ పొరబడరాదు. దంపతులిద్దరి ముఖాలూ ఒక్క పటంలో ఇమడటం లేదని ఫోటోగ్రాఫరు వాపోతే, పీరా స్టూలు తెచ్చాడు, సిద్ధమ్మ గారు సిగ్గుపడి ఎక్కనన్నారు. అప్పుడు వారు ఎవరూ అడగకుండానే ఆమె భుజం మీద చెయ్యి వేసి వంగారు.

“ఇప్పుడేం కుట్లున్నాయని వంగుతారు?” అన్నారామె.

“ఈ ఎత్తు నుంచే నీ మొగం బాగా కనపడేది” అన్నారు వారు.

జూన్ ముప్పైన ఉద్యోగ విరమణతో మా గుమ్మం దాటి వెళ్ళే ఆ పుణ్యదంపతులు, ఆరోగ్యానికి కొదవ లేక, కొర్రన్నం విసుగెత్తక, యల్లక్క నేతికుండ కంట పడక, పొట్టకు దిండు అదుముకునే పని లేకుండా నిండు నూరేళ్ళూ నవ్వుతూ ఉండాలని మా అందరి ఆకాంక్ష.