పెన్నేరు దాటని విమానం

పావగడ బస్టాండు వెనక సందులో ఉమేశ్ కంప్యూటర్ రిపేరీ అంగడి. బల్ల మీద మూత విప్పిన కంప్యూటర్. దానికి ఈ పక్క ఉమేశ్, ఆ పక్క అతని మేనమామ హొన్నూరప్ప.

"ఆ బ్రోకరు కదిరప్ప ఉండాడే, వాడు బాగుపడడురా ఉమేశా. 'కండ్లు మూసుకోని తీసుకపో హొన్నూరన్నా, గుర్రం మాదిరి పరిగెత్తుతాది' అని ఈ డొక్కును నా నెత్తిన కట్టినాడు. గుర్రం మాట దేవుడెరుగు, కుంటి గొర్రె గూడా ఇంతకంటే బిరీన నడుస్తాది."

"కదిరప్పను తర్వాత తిడుదువులే మామా. ముందు ఇది చెప్పు. లోపల ఈ తడి ఏంది?"

"ఏ తడి?"

"ఇదో. బోర్డు మీద. నీళ్లు."

"అదా... కాగిపోతా ఉంటే గోనెపట్ట తడిపి పైన కప్పినా."

"గోనెపట్టా!"

"ఎండాకాలం కడవకు చుట్టేది లేదా? దీనికేం రోగం?"

"దీంట్లో కరెంటు ఉండాది మామా! కడవలో కరెంటు ఉంటాదా?"

"అరవద్దు. రోడ్డుకు వినపడతాది. తుడిచి ఆరబెట్టు, ఇంగ నేను చెప్పిన పని చెయ్యి. ఆ... ఏందది... ఓవర్‌క్లాక్."

"చెయ్యను."

"యూట్యూబులో ఒకాయప్ప చేసినాడు. నేనాడే విమానం తోలే ఆటకు అదే మందంట. ప్రాసెసరును దానికి పెట్టిన వేగం కంటే ఎక్కువ తోలితే ఆట ఆగకుండా పోతాదంట."

"ఆయప్ప కంప్యూటర్ వేరే, ఆయప్ప ఏసీ రూము వేరే. నీది రేకుల ఇల్లు. ఇదా, ముసిలిది. వేగం పెంచితే కాగుతాది, కాగితే కాలిపోతాది. పైగా మీ ఊర్లో వోల్టేజీ ఎప్పుడు పడతాదో తెలీదు."

"అది మాత్రం నిజం. మా చేన్లల్లో సోలార్ పలకల మీద పుట్టే కరెంటు యాడికో పాయె, మాకు బల్బు మిణుకుమంటా ఉండాది."

"కాలిపోతే నీ కూతురికి ఎవరు జవాబు చెప్తారు? రక్షిత దీని మీదే గదా ఇంట్లో కూర్చోని టైపింగ్ పని చేసుకుంటా ఉండేది?"

"రక్షితకు నేను చెప్పుకుంటా."

"చెప్పినావా?"

"చెప్తా."

"అంటే చెప్పలే."

"చెప్తా అన్నా గదప్పా!"

"మొన్న అత్త వచ్చింది అంగడికి. 'మీ మామ సోలార్ పార్కులో పలకలు కడిగే పని నుంచి వస్తానే, కాళ్లు గూడా కడుక్కోకుండా విమానం ఎక్కుతాడు. బువ్వకు పిలిచినా దిగడు' అనింది. ఊర్లో నీకు పైలటప్ప అని పేరు పెట్టినారంట."

"పెట్టనీ. ఐదో క్లాసులో బడి మానినోన్ని. పైలట్ అన్నా మర్యాదే."

"నవ్వులాట కాదు మామా. ఈ ఆట నడమ కదలకుండా బిగుసుకుంటే ఇంగో ఆట ఆడు."

"ఇదే కావల్ల."

"సరే, ఇదే ఆడు. ఇంగో తావుకు పో. దుబాయికి పో. సముద్రం మీద తిరిగితే అంతగా బిగుసుకోదు, కింద చూపించేదానికి ఏముండాది, నీళ్లే గదా."

"సముద్రంతో నాకేం పని?"

"మరి దినామూ యాడికి పోతాండావు నువ్వు?"

"పుట్టపర్తిలో లేస్తా. పెనుకొండ కొండ దాటుతా. పెన్నేరు ఇసక తెల్లగా కనపడతానే బిగుసుకుంటాది. దినామూ ఆడికే."

"పెన్నేరు దాటితే మన నాగలమడికే గదా! విమానం ఎక్కి మన ఊరికే వస్తాండావా? బస్సులో రాకూడదా?"

"బస్సు ఆడికి పోదులే."

"ఎందుకు పోదు, పొద్దున్నుంచి..."

"పోదు అంటిని గదా! నువ్వు చేస్తావా, హిందూపురంలో ఇంగొకన్ని చూసుకోనా?"

"చూసుకో. వాడు కాల్చి చేతికిస్తాడు... కూర్చో మామా. లేయద్దు. ఏంది, ఇంత తొందర ఎందుకు?"

"ఎల్లుండి పెద్దల అమావాస్య."

"అమావాస్యకూ విమానానికీ ఏం సంబంధం?"

"ఈ ఆట పాతది. దీంట్లో కింద కనపడే నేల ఫొటోలూ పాతవే. సోలార్ రాకముందువి."

"అయితే?"

"ఫోనులో మ్యాపు తీస్తే అంతా నల్ల పలకలే. దీంట్లో చేన్లు ఉండాయి. గట్లు ఉండాయి. ఒకే ఒక్క దినం పెన్నేరు దాటినా. రోడ్డు మలుపు వచ్చింది, మన చేను వచ్చింది, యాపచెట్టు చుక్క మాదిరి కనపడింది. అంతే. బిగుసుకునింది."

"ఏ యాపచెట్టు... అవ్వను పూడ్చినామే, ఆ చెట్టా?"

"ఇంగేది?"

"అవ్వ సమాధికి కంచె కట్టినారు గదా? కదిరప్ప..."

"కదిరప్పే. 'సోలార్ కాగితాల మీద కండ్లు మూసుకోని సంతకం పెట్టు హొన్నూరన్నా, అమ్మ సమాధి జోలికి ఎవురూ రారు, కంచె నేనే వేయిస్తా' అన్నాడు. నేను బళ్లారి పక్క గొర్రెలు తోలుకోని పోయి వచ్చేసరికి జేసీబీ తిరిగిపోయింది. చెట్టు లేదు, బండ లేదు, గట్టు లేదు. అంతా సాపు."

"మరి ఇన్నేండ్లూ అవ్వకు కూడు యాడ పెడతాండావు?"

"ఒకో యేడు ఒకో పలక కింద. వాటిని కడిగేది నేనే గదా. యాడ కాలు పెట్టినా అమ్మ మీదే పెట్టినట్ల ఉంటాది. రోడ్డు మలుపు ఒకటే మారలేదురా. మలుపు నుంచి చెట్టు ఎంత దూరమో పైనుంచి ఒక్కసారి నిదానంగా చూసుకుంటే చాలు. అడుగులేసుకుంటా పోయి పట్టుకుంటా."

"మా అమ్మకు తెలుసా ఇది?"

"మీ అమ్మకు చెప్పద్దు. కంచె ఉండాదనే అనుకోనుండాది."

"నా కంప్యూటర్లో ఎక్కిద్దామంటే ఈ పాత ఆట దానికి ఎక్కదు... ఆ ఫ్యాను ఇట్ల తిప్పు మామా. గోనెపట్ట మాత్రం దూరంగా పెట్టు."

"ఏం చేస్తాండావు?"

"వేగం పెంచుతా. రవ్వంత రవ్వంతగా. చెట్టు కనపడతానే తగ్గిచ్చేస్తా."

"కాలిపోతే?"

"రక్షితకు నేను చెప్తా."

"ఫ్యాను తిప్పినా. ఇట్ల చాలునా?"

"మలుపు తెలిసింది, చెట్టు కనపడతాది. చేను కొలత గూడా చెప్పు మామా, లెక్క వేసుకుందాం. పార్కుకు ఎంత రాసిచ్చినావు?"

"పహణిలో ఉండేది మూడెకరాల పద్నాలుగు గుంటలు. రాసిచ్చినా, కాదనను, యేడాదికోసారి కౌలు దుడ్డు పడతాది. దాంట్లో అమ్మది ఆరడుగులు. అది నేను ఎవురికీ రాసియ్యలే."