అడగకముందే సెలవిచ్చిన యాప్

బావ నోరు విప్పాడంటే టీ చల్లారిపోవాల్సిందే. ఆఫీసుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఇది అందరికీ అనుభవమే. నిజానికి ఆయన ఆ ఆఫీసులో ఒక్కరికే బావ, రెండో అంతస్తులో ఆరుగురి టీమ్‌ని నడిపే మరదలికి. ఆవిడ "బావా, బావా" అని పిలవగా పిలవగా డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ బావైపోయాడు.

ఆ మధ్యాహ్నం మరదలికి టీ సహించడం లేదు. బెంచీ మీద లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని ఖాళీ గడి వంక చూస్తూ కూర్చుంది. బావ టీమ్‌లో ఏడాదిగా నడుస్తున్న ఎజైల్ పద్ధతిని ఇప్పుడు కంపెనీ అంతటా పెట్టారు. ఏడాదికోసారి కొండంత పని చూపించడం కాకుండా, రెండు వారాలకోసారి చేసినంత చేసి చూపించాలి. బాగానే ఉంది. కానీ "మూడు నెలల్లో ఏం సాధిస్తారో అంకెల్లో రాసి నాలుగింటికల్లా పంపండి" అని డైరెక్టరు మెయిల్ పెట్టాడు. చెప్పిన అంకె చేరని టీమ్‌ని విడగొట్టి తలో దిక్కుకీ పంపేస్తారట. ఆ ఆరుగురినీ ఏరికోరి తెచ్చుకుంది తను. వాళ్ళు చెల్లాచెదురైతే మళ్ళీ అలాంటి టీమ్ దొరకదు. పైగా వాళ్ళ చేతికొచ్చింది సెలవుల యాప్. పోయిన నెల దాకా బావ టీమ్ చేసి, ఉత్తమ టీమ్ షీల్డు కూడా కొట్టేసి, వీళ్ళకి అప్పగించిన యాప్ అది.

"ఏంటమ్మా, మొహం అంత పాలిపోయింది?" అంటూ బావ వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. చేతిలో గులాబీరంగు కాగితమొకటి నాలుగు మడతలేసి విసనకర్రలా విసురుకుంటున్నాడు.

"అంకె రాయాలి బావా. ఏం రాయాలో తోచట్లేదు. టైము మూడుంబావు అయింది."

"ఓస్, ఇంతేనా! పెద్దాయనా, రెండు టీలు. కాదు, మూడు. బాబాయ్‌కి కూడా."

మూల బల్ల దగ్గర కూర్చున్న సెలవుల గుమాస్తా బాబాయి తన చేతిలో ఉన్న గ్లాసు ఎత్తి చూపించి వద్దన్నాడు. ఆయన పది మాటలకి ఒక మాట మాట్లాడే మనిషి. బావ ఆయన వైపు చూసి, ఎందుకో కాగితాన్ని కాస్త కిందికి దించి, మళ్ళీ విసురుకోవడం మొదలుపెట్టాడు.

"విను. మేం మొదలుపెట్టిన రోజుల్లో మా వేగం ఎంత? రెండు వారాలకి ఇరవై పాయింట్లు."

"పాయింట్లంటే?" అన్నాడు టీ కొట్టు పెద్దాయన.

"ఒక్కో పనికి ఇంత బరువుంటుందని ముందే మాలో మేం అనుకుని వేసుకునే అంకె. చిన్న పనికి రెండు, పెద్ద పనికి ఎనిమిది, అలాగన్నమాట. డైరెక్టరు పిలిచి, నలభై చెయ్యగలవా అన్నాడు. నేను మీసం మెలేసి..."

"నీకు మీసం లేదుగా బావా."

"అప్పుడుండేది. ఆ పనిలో పడి తీసేశా. మధ్యలో అడ్డు రాకు. నలభై ఏంటి సార్, నెల తిరక్కుండా ఎనభై అన్నా. ఎనభై కొట్టాం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండొందలు. ఆ పై నెల రెండు వేలు. పాయింట్లు ఎంత పెరిగాయో గోడ మీద గీత గీసేవాళ్ళం కదా, అది గోడ దాటి సీలింగుకి తగిలింది. సీలింగుకి కన్నం పెట్టించా. పైన అకౌంట్సు వాళ్ళ గదిలోకి పొడుచుకొచ్చింది. పాపం, వాళ్ళు మొదట ఏదో కొయ్య అనుకుని గొడుగులు తగిలించుకున్నారు."

పెద్దాయన టీ వడగడుతూనే కిసుక్కున నవ్వాడు. "గీతకి గొడుగులా?"

"అది మామూలు గీత కాదు పెద్దాయనా, మా టీమ్ గీత. అక్కడితో ఆగిందా? డాబా మీదికెక్కి ఆకాశంలోకి పోయింది. వర్షాకాలంలో పిడుగు పడబోయి, దాన్ని చూసి పక్క సందులోకి తప్పుకుంది!"

మరదలికి నవ్వొచ్చింది గానీ గడియారం చూసేసరికి ఆగిపోయింది. మూడున్నర. "బావా, నవ్వులాటకి కాదు, నిజంగా అడుగుతున్నా. నేను కూడా పాయింట్లు రెట్టింపు అని రాసెయ్యనా? నీకు షీల్డు వచ్చిందిగా."

"రెట్టింపేంటి, పదింతలు రాయి! మనింటి పరువేం కాను?"

"పది రెట్ల పని ఎలా చేశారు బాబూ, అదే మనుషులతో?" అన్నాడు పెద్దాయన, గ్లాసులు అందిస్తూ.

బావ టీ ఊదుకున్నాడు. "పని అంటే... పని అంతేలే. పాయింట్లు పెంచాం. యాప్‌లో ఒక మీట రంగు మార్చే పనికి ముందు రెండు పాయింట్లు వేసేవాళ్ళం. తర్వాత ఇరవై వేశాం. ఆ రంగు మార్చడంలో ఎంత మనోవేదన ఉందో బయటివాళ్ళకి తెలీదు."

మరదలు కీబోర్డు మీదనుంచి వేళ్ళు తీసేసింది. బావ గమనించి గొంతు పెంచాడు.

"అయినా మాది పాయింట్ల ఘనత ఒక్కటే కాదు! పొద్దున్నే అందరం నిలబడి మాట్లాడుకునే మీటింగు ఉంటుందా, పావుగంట. దాన్ని పది నిమిషాలు చేశా. తర్వాత అయిదు. తర్వాత ఒకటి. చివరికి ఎంత పొట్టిదైపోయిందంటే, మేం గదిలోకి వెళ్ళేసరికే అయిపోయి ఉండేది. వెళ్ళి చూస్తే కుర్చీలు ఇంకా వెచ్చగా ఉండేవి."

"నిలబడి మాట్లాడే మీటింగులో కుర్చీలేంటి బావా?"

"అదే మా వేగం! ఎప్పుడు కూర్చున్నామో మాకే తెలీదు. ఇక తప్పుల సంగతి. నెలకి ముప్పై తప్పులుండేవి, సున్నా చేశాం. డైరెక్టరు ఇంకా తగ్గించమన్నాడు. తగ్గించాం. మైనస్ ఆరు! అంటే మా యాప్‌లో తప్పుల్లేక, పక్క కంపెనీవాళ్ళ తప్పులు ఆరు దిద్దిపెట్టాం. వాళ్ళు వచ్చి దండం పెట్టి వెళ్ళారు."

"అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నాడమ్మా మీ బావ," అన్నాడు పెద్దాయన.

"ఆగు, అసలు సంగతి ఇంకా చెప్పలేదు." బావ ముందుకి వంగి, గులాబీ కాగితాన్ని బల్ల మీద టపటపా కొట్టాడు. "ఆ యాప్ ఎంత వేగం పుంజుకుందంటే, నొక్కగానే సెలవు మంజూరు. తర్వాత్తర్వాత నొక్కకుండానే మంజూరు. ఆ పైన, అడగకముందే! ఒకాయనకి ఆదివారం సాయంత్రం మెసేజ్ వచ్చింది, మంగళవారం నీకు జబ్బు సెలవిచ్చామని. ఆయన దుక్కలా ఉన్నాడు, నవ్వుకున్నాడు. మంగళవారం తెల్లారేసరికి చూసుకుంటే ఏముంది? ఒళ్ళు పెనంలా కాలిపోతోంది!"

"అమ్మో!"

"అమ్మో అనకు, ఇంకా ఉంది. మా టీమ్‌లో ఒక బ్రహ్మచారి ఉండేవాడు. వాడికి పెళ్ళి సెలవు పదిహేను రోజులు మంజూరైంది. పిల్లెవరో వాడికే తెలీదు! కంగారుపడి యాప్‌నే అడిగితే, మూడో అంతస్తులో కిటికీ పక్క సీటు అని చూపించింది. ఇప్పుడు వాళ్ళకి ఇద్దరు పిల్లలు. మొన్న రెండోవాడు పుట్టినప్పుడు వాడికి సెలవు ఎప్పుడొచ్చిందనుకున్నావ్? పెద్దవాడు పుట్టినప్పుడే కలిపి ఇచ్చేసింది!"

"నువ్వు టీమ్ పెట్టి ఏడాదే కదా బావా, ఇద్దరు పిల్లలెలా పుట్టారు?"

"చెప్పాగా, వేగం!" అన్నాడు బావ, గర్వంగా వెనక్కి వాలి కాగితంతో విసురుకుంటూ.

అప్పుడు మూల బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. గుమాస్తా బాబాయి లేచి, గ్లాసు పెద్దాయనకిచ్చి, కండువాతో మూతి తుడుచుకుని బావ ముందుకొచ్చి నిలబడ్డాడు. కోపమేమీ లేదు మొహంలో.

"అబ్బాయ్, అడగకముందే ఇచ్చే యాప్ నీ చేతుల మీదే తయారైంది కదా. మరి పొద్దుట్నించీ నా గది చుట్టూ తిరుగుతూ, నేను దొరక్క ఇక్కడిదాకా పట్టుకొచ్చావే, ఆ సెలవు కాగితం ఇస్తావా? లేక విసురుకోవడానికే ఉంచుకుంటావా? నాలుగింటికి గది మూసేస్తా."

బావ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెద్దాయన గిన్నె దించేసి పగలబడి నవ్వాడు. మరదలు వంగి ఆ కాగితం మడత విప్పింది. తేదీ, పేరు, కారణం: "భార్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి." అంతా బావ చేతిరాతే.

"అక్కకి అపాయింట్‌మెంట్ రేపే కదా," అంది మరదలు. "యాప్‌లో పెట్టచ్చుగా బావా?"

"పెట్టా." బావ గొంతు మొదటిసారి మామూలుగా వినిపించింది. "నాలుగుసార్లు పెట్టా. 'పంపు' అన్న మీట నొక్కితే తేదీ ఖాళీ అయిపోతుంది. మేం ఉన్నప్పట్నించీ అంతే. పాయింట్లు లెక్కపెట్టారు, షీల్డిచ్చారు, చప్పట్లు కొట్టారు. ఆ మీట పనిచేస్తోందా అని ఒక్కడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని నాకు భయంగానే ఉండేది."

సిగ్గుతో ఎర్రబడిన ఆయన మొహం చూస్తే మరదలికి జాలేసింది, ఇంత మంచి మనిషి ఇన్ని కోతలెందుకు కోస్తాడా అనిపించింది. గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఆవిడ గుమాస్తా వైపు తిరిగింది.

"బాబాయ్, వారానికి ఎన్ని గులాబీ కాగితాలొస్తాయి మీకు?"

"పోయిన వారం నూట ముప్పై. అంతకుముందు వారం నూట ముప్పై నాలుగు. రిజిస్టర్లో ఉన్నాయి, ఎప్పుడైనా చూసుకో తల్లీ. యాప్ రాకముందు కూడా ఇంచుమించు అంతే."

"అంటే యాప్ ఉన్నా లేనట్టే."

"నన్ను ఎవరూ అడగలేదు," అన్నాడాయన.

మరదలు లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. పాయింట్ల మాటే రాయలేదు. "సెలవుల గదికి వారానికి నూట ముప్పై కాగితాలు వస్తున్నాయి. మూడు నెలల్లో అవి ఇరవైకి తగ్గాలి. లెక్క సెలవుల గుమాస్తాగారి రిజిస్టరు నుంచి తీసుకుంటాం, మా గోడ మీది గీత నుంచి కాదు." రాసింది పైకి చదివి వినిపించింది. చేరగలమా అన్న బెంగ పూర్తిగా పోలేదు గానీ, తన ఆరుగురూ రేపు పొద్దున్న ఏ పని పట్టుకోవాలో మాత్రం ఆవిడకి తెలిసింది.

"ఆ తేదీ ఎక్కడ ఖాళీ అవుతుందో నాకు తెలుసు," అన్నాడు బావ నెమ్మదిగా. "రేపు మీ అక్కని డాక్టరుకి చూపించి, మధ్యాహ్నానికల్లా వచ్చి మీవాళ్ళతో కూర్చుంటా. ఒట్టు. ఇది కోత కాదు."

"సెలవు పెట్టి ఆఫీసుకొస్తావా?"

"ఒంటిపూట చాల్లే. దిద్దేస్తా." అంటూ కాగితం మీద 'ఒక రోజు' కొట్టేసి 'ఒంటిపూట' అని రాసి, సంతకం పెట్టి గుమాస్తా చేతిలో పెట్టాడు. పెట్టి, మరదలి వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. "దీన్ని మాత్రం లెక్కలో వెయ్యకమ్మా. మీ ఇంటి మనిషిని కదా."

గుమాస్తా బాబాయి జేబులోంచి పెన్ను తీసి, కాగితం మూల ఈ వారం వరస అంకె వేసి, మరదలికి చూపించాడు. ఆవిడ తల ఊపి, డైరెక్టరుకి పంపేముందు నూట ముప్పైని కొట్టేసి నూట ముప్పై ఒకటి చేసింది.