లింటెల్ దాకా

ఒగ్గీ బావా, ఆ గోడలు తడపడం ఇంక ఒగ్గీ! క్యూరింగంటే పది రోజులు, మహా అయితే పదిహేను రోజులు. నువ్వేటి, నాలుగు నెలలబట్టీ సెక్టర్ టూ క్వార్టరు నుంచి ఈ కోహ్కాకి సైకిలేసుకొచ్చి బకెట్లు మోస్తన్నావు! పైన కప్పు లేదు, లోపల మనిషి లేడు. ఎన్ని నీళ్ళు పోస్తే మాత్రం ఈ గోడలు పెరుగుతాయేటి?

దిగు, ఆ స్టూలు మీంచి దిగు ముందు. యాభై ఎనిమిదేళ్ళొచ్చేయి. పడితే నడుం విరుగుద్ది. ఆ ఖర్చు నేను ఏ కాగితంలోనూ రాయలేదు.

నవ్వుతావేం? నవ్వకు బావా. నువ్వు నవ్వితే నాకు ఒళ్ళు మండుతాది. తిట్టేవాడివైతే హాయిగా తిట్లు తిని పోదును. నువ్వు పొగుడుతావు!

మొన్న ఖుర్సీపార్‌లో గోవిందరావింట్లో వ్రతానికి ఎంతమంది మనవాళ్ళున్నారు? యాభైమందికి తక్కువ లేరు. వాళ్ళందరి ముందూ లేచి నిలబడి నువ్వేటన్నావు? "మా బామ్మర్ది సింహాద్రి ఎస్టిమేటులో దోషం లేదు, నేనే చేతకాక ఇల్లు పాడుచేసుకున్నాను" అన్నావు. అన్నావా, లేదా? మా అక్క నీ పక్కనే తలొంచుకుని కూర్చుంది. నేను ప్రసాదం ఆకులోనే ఒగ్గీసి లేచిపోయేను. ఎవడు చెప్పమన్నాడు నిన్ను?

స్టీలు ప్లాంటు సివిల్ డిపార్టుమెంటులో ఇరవై ఆరేళ్ళబట్టీ ఎస్టిమేట్లు రాస్తన్నాను. నా కాగితం మీద ఇంజనీరు కూడా పెన్ను పెట్టడు. సంచి సిమెంటు అటూ ఇటూ అవదు. అలాంటిది నాకు నీ సర్టిఫికెట్టు కావాలేటి?

సరే, కూర్చో. అలా ఇటికల మీద కూర్చో. బస్సుకి ఇంకా టైముంది. డబ్బు తెచ్చేను, భయపడకు. తొంభై వేలు, లెక్కపెట్టుకో. ఈ నేలా, ఈ మొండిగోడలూ కలిపి. ఇంకెవడైనా అయితే డెబ్భై కూడా ఇవ్వడు. ఆ బ్రోకరు మిశ్రాగాడు అరవై ఐదు అన్నాడు కదూ? మరి?

అబ్బ, దండాలు పెట్టకు బావా! నేను చెప్పేది విను ముందు.

మన ఖుర్సీపార్‌లో ఏ తెలుగోడు ఇల్లు కట్టినా నేను రెండు కాగితాలు రాస్తాను. ఆఫీసుకి పెద్ద కాగితం, ప్రావిడెంటు ఫండులోంచి అడ్వాన్సు ఎక్కువ రావాలి కాబట్టి. ఇంట్లో ఆడవాళ్ళకి చిన్న కాగితం, గుండె ఆగిపోకుండా. అసలు లెక్క రెండిట్లోనూ ఉండదు, నా బుర్రలో ఉంటాది. పునాది తవ్వేముందు ఇంటాయన్ని పక్కకి పిలిచి ఆ అసలు లెక్క చెవిలో చెప్తాను. అది రివాజు. రాజగోపాల్‌కి చెప్పేను. గోవిందరావుకి చెప్పేను. గురుమూర్తి అయితే నా మాట విని ఒక గది తగ్గించేసుకున్నాడు. హాయిగా ఉంటన్నాడు.

నీకు చెప్పలేదు.

మర్చిపోయేవా అంటావేటి? మర్చిపోలేదు బావా. కాసేపు నోరు మూసుకో, బతిమాలుతున్నాను.

ఎస్టిమేటు కోసం జంతికల డబ్బా పట్టుకుని వచ్చేవు కదా ఆ రోజు. చిన్న కాగితం చూసి నీ మొహం ఎంత వెలిగిందో! లక్షా ఎనభై వేలు. నీ ఫండు లక్షా తొంభై. "పదివేలు మిగుల్తాది, మీ అక్కకి గాజులు చేయిస్తాను" అన్నావు. అసలు లెక్క ఎంతో తెలుసా? రెండు లక్షల డెబ్భై వేలు. అప్పటికప్పుడే నా బుర్రలో ఉంది, నువ్వు టీ తాగుతున్నప్పుడే.

సరియా రేటు, అదే స్లాబు ఇనపచువ్వల రేటు, ఒక్కసారి చూసేవా ఆ కాగితంలో? కిలో ఎనిమిది రూపాయలని రాసేను. ఎనిమిది! అది ఐదేళ్ళ కిందట మాట. బజార్లో అప్పటికే పద్నాలుగు. ముప్ఫై నాలుగేళ్ళు ఫర్నేసు ముందు మొహం కాల్చుకున్నావు, ఇనుము నీళ్ళలాగ పారడం కళ్ళారా చూసేవు. దుకాణానికెళ్ళి కిలో సరియా ఎంత భయ్యా అని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు. "మన చేత్తో చేసిన ఇనుమే కదా, మనకి చౌగ్గానే పడుద్ది" అన్నావు. నువ్వే కాదులే, ఈ ఊళ్ళో మనవాళ్ళందరూ అంతే. నీ గర్వం నాకు కంఠతా వచ్చు. దాన్ని చూసుకునే ఆ రేటు రాసేను.

ఇంక పునాది. "మన విజయనగరం వైపు రెండడుగులకే గట్టి నేల తగుల్తాది, నువ్వు రెండున్నర రాసేవు, జాగ్రత్తపరుడివి" అని వీపు తట్టేవు. ఇది విజయనగరమా? ఇది కన్హార్ మట్టి బావా. నల్ల రేగడి. వానొస్తే ఉబ్బుతాది, ఎండొస్తే బీటలిస్తాది. ఆరడుగులు తవ్వి, ఆ మట్టంతా బయటికి పోసి, మురుము కంకర నింపి, కింద బీము పోస్తే గానీ గోడ నిలవదు. నాకు తెలుసు. పదమూడేళ్ళబట్టీ తెలుసు. ఆ వేసవిలో ఇక్కడే, ఇదిగో ఈ మూలే, బీటలో నా అడుగు స్కేలు పెడితే మొత్తం దిగిపోయింది. చెయ్యి పెట్టి తీసుకోవలసొచ్చింది.

ఏ వేసవంటావా? ఎనభై రెండు.

ఈ నేల చూసిందెవరు బావా? నేను. అప్పుడిది వరి మడి. సైకిలు మీద తిరిగి తిరిగి నేను పట్టేను. చెరో మూడు వేలూ వేసేం, చెరిసగం అనుకున్నాం. రిజిస్ట్రీ నాడు నాకు కామెర్లు, ఆస్పత్రిలో పడున్నాను. నువ్వు దుర్గ్ వెళ్ళి నీ ఒక్కడి పేర రాయించుకొచ్చేవు. నా మూడు వేలూ కవర్లో పెట్టి అక్క చేత పంపించేవు. "రెండు పేర్లుంటే రేపు పిల్లలు కొట్టుకుంటారు. వాడు కుర్రాడు, ఇంకోటి చూసుకుంటాడు" అన్నావట. అక్క ఆ మాట చెప్తూ నా వైపు చూడలేకపోయింది. గ్లూకోజు సీసా కింద పడుకుని ఆ కవరు పట్టుకున్నాను. ఇంకోటి చూసుకున్నానా? ఏదీ? పదమూడేళ్ళలో నా జీతానికి అందేలాగ ఒక్క నేలా దొరకలేదు.

నీకు గుర్తే లేదు కదూ! చూడు, మొహం చూస్తేనే తెలుస్తంది. వెతుక్కుంటన్నావు. ఛీ, గుర్తుండి చేసినా బాగుండేది బావా. నేను పదమూడేళ్ళు మోసింది నీ బుర్రలో ఒక్క పూట కూడా లేదు.

క్షమించమంటావేటి? ఇప్పుడా! కాళ్ళ మీద పడబోతావేటి పెద్దవాడివి! కూర్చో!

ఇంకా అయిపోలేదు. ఇల్లు లెక్కగట్టడం ఏ పిల్ల ఓవర్సీరుకైనా వస్తాది. పొడుగు, వెడల్పు, ఎత్తు, రేటు. బస్. నేను నిన్ను లెక్కగట్టేను. పునాది మూడింతలవుతాదని తెలిసినా నువ్వు మధ్యలో ఆగవు, గోడ సన్నం చెయ్యవు, మేస్త్రీతో బేరం ఆడవు. నాసిరకం ఇటికలు దింపితే వెనక్కి పంపేస్తావు. అప్పు చెయ్యవు, చచ్చినా చెయ్యవు. ఊళ్ళో ఎవడి దగ్గరా చెయ్యి చాపవు. ఇవన్నీ ఒక పక్క వేసేను. నీ డబ్బు ఎక్కడ ఆగుతాదో చూసేను. లింటెల్ దగ్గర. తలుపులూ కిటికీల పైదాకా గోడ లేస్తాది, స్లాబు పడదు, సరియాకి పైసా ఉండదు అని డైరీలో రాసి పెట్టుకున్నాను.

పైకి చూడు. ఎక్కడ ఆగింది? ఒక్క వరస కూడా తేడా లేదు.

అదీ బావా నా ఎస్టిమేటు. దోషం లేదని నలుగుర్లో చెప్పేవు, నిజమే చెప్పేవు.

రిటైరైపోయేవు. ఈ ముప్ఫయ్యో తారీకుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పిండిమర వెనక ఆ ఒక్క గది తప్ప నీకు దిక్కు లేదు. అదీ నేనే చూసి పెట్టేను. అక్క కర్రపెట్టె, మంచం పడితే ఇంకేటీ పట్టదు. దేవుడి పటాలు మంచం కిందే. నాకు ఇంకా పదకొండేళ్ళ సర్వీసుంది. స్లాబు వేస్తాను, నెమ్మదిగా వేస్తాను.

సంతోషంగా ఉందా అనా? ఉంది. అబద్ధమెందుకు, ఉంది. పునాదిలో నల్ల మట్టి పడినప్పుడు నువ్వు నా దగ్గరికొచ్చి "ఇదేటి సింహాద్రీ, లెక్క తేడాగా ఉంది?" అని అడుగుతావనుకున్నాను. ఆ వారమంతా గుమ్మం వైపే చూసేను. ఒక్కసారి అడిగుంటే చెప్పేద్దును. దేవుడి మీద ఒట్టు, చెప్పేద్దును. ఒక గది తగ్గించి, రేకులేసుకుని ఇందులోనే ఉందురు. నువ్వు అనుమానపడలేదు. నన్ను అనుమానపడాలని కూడా తోచలేదు నీకు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

తిట్టు. ఇంత చెప్పేక కూడా తిట్టవా? కొట్టు పోనీ, ఇక్కడెవరూ లేరు.

ఏటి? గట్టిగా చెప్పు, వినబడలేదు.

అక్కకి తెలుసా అనా?

తెలీదు. తమ్ముడు రాసిచ్చిన కాగితమని దేవుడి దగ్గర పెట్టుకుంది, ఇంకా అక్కడే ఉంది. నువ్వు చెప్పవు బావా. పుట్టింట్లో ఆవిడకి మిగిలింది నేనొక్కణ్ణే. అది కూడా లేకుండా చెయ్యడానికి నీకు మనసొప్పదు. పిండిమర వెనక గదిలో కూర్చుని కూడా, నేను పండక్కొస్తే నాకు పీటేస్తావు. అదీ లెక్కేసేను.

లే. తొమ్మిదిన్నర బస్సు తప్పితే దుర్గ్‌లో రిజిస్ట్రీ గుమాస్తా దొరకడు.