ఏరు పారే వరస

ఏటి నీటిమట్టాన్ని గంటగంటకూ నమోదు చేసే ఆఫీసు. వాన వదలని మధ్యాహ్నం. పెద్దాయన కంప్యూటర్‌లో తన షీట్ తెరిచి, పక్క కుర్చీలోని కొత్త ఉద్యోగిని వైపు గుర్రుగా చూశాడు.

“నా రంగులన్నీ ఏమైపోయాయమ్మాయ్? ఎరుపు, పసుపు, ఊదా... ముచ్చటపడి వేసుకున్నానే!”

“తీసేశాను గురువుగారూ. అన్నీ ధగధగలాడుతుంటే అసలు ప్రమాదం ఎక్కడుందో కనపడట్లేదు. ఇప్పుడు నీలం ఒక్కటే. నీళ్లు పెరిగేకొద్దీ ముదురుతుంది.”

“ఊళ్లని కూడా కలగాపులగం చేశావు. అక్షరక్రమంలో ఎంత చక్కగా పెట్టాను!”

“ఏరు అక్షరక్రమంలో పారదు కదండీ. ఎగువ ఊరు ఎడమ చివర, దిగువ ఊరు కుడి చివర. గంటకో వరస కిందికి. అంకెలు చదవకండి. కాస్త వెనక్కి జరిగి చూడండి.”

“ఉండుండు... ఈ ముదురు నీలం మెట్లుమెట్లుగా కుడివైపుకి దిగుతోందేంటి?”

“అదే వరద గురువుగారూ. నడిచొస్తోంది.”

“అమ్మ బాబోయ్! ఇన్నేళ్లూ అంకెలు రాశానే గానీ, ఏటిని చూడటం ఇవాళేనమ్మా. ఒళ్లు జలదరిస్తోంది.”

“నాకూ అంతేనండీ. రంగు మార్చాక ఇప్పుడే నాకూ కనపడింది.”

“కుడి చివర ఇంకా తెల్లగా ఉన్నది...”

“మీ అక్కగారి ఊరేనండీ.”

“ఈ లెక్కన అక్కడికి ఎప్పుడు చేరుతుంది?”

“చీకటి పడేలోపు.”

“ఫోన్ ఇలా ఇవ్వు. ఆ గడి తెల్లగా ఉండగానే ఊరంతా మెరక ఎక్కాలి.”