లక్ష ఓముల లోడు

షెడ్డులో టెస్టింగ్ బల్ల మీద పని ఎవరికివ్వాలో టీ తాగేలోగా తేలుస్తానన్నారు మా ఓనరుగారు. ఆ మాట చెవినపడగానే మా ప్యాకింగ్ బావ బెంచీ మీద ముందుకు జరిగాడు. అతని పెళ్ళాం చెల్లెలు కూడా మా షెడ్డులోనే సోల్డరింగ్ చేస్తుంది. ఆ పిల్ల బావా అంటుంటే మాకందరికీ అతను బావే అయిపోయాడు.

"అట్టపెట్టెలు మడిచి మడిచి ప్రాణం విసిగిపోయిందండీ. నేనసలు టెస్టర్నే! వెనకటి కంపెనీలో ఓసారి టెస్టరు రాకపోతే నన్నే కూర్చోబెట్టారు. పన్నెండు వోల్టులు తీసుకుని అయిదు వోల్టులిచ్చే కన్వర్టరు. అటుపక్క లోడు రెసిస్టరు తగిలించాలి, ఇటుపక్క అది ఎంత కరెంటు లాగుతోందో మీటర్లో చూడాలి. పది ఓములు తగిలించా. పావు ఆంపియరు లాగింది."

"అంతేగా మరి," అన్నాడు టీకొట్టు బాబాయి.

"అంతేనా? నేను అంతటితో ఊరుకునే రకమా? లోడంటే ఏంటి బాబాయ్, బరువు! పదికే పావు లాగితే వందకి ఎంత లాగాలి? వంద ఓములు పెట్టా. మీటరు ముల్లు ఆ చివరికెళ్ళి కొట్టుకుని వంకరపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెయ్యి పెట్టా! షెడ్డులో లైట్లు మసకబారాయి, వీధిలో ఫ్యాన్లన్నీ నిలబడిపోయాయి, ఎదురు మేడలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది, అందులో మా మేనేజరు!"

"మేనేజరు ఎదురు మేడ లిఫ్టులో ఉంటే, మరి నిన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టిందెవరు బావా?" అంది మరదలు.

"మధ్యలో అడ్డుపుల్లలు వెయ్యకమ్మా! చివరికి లక్ష ఓములు తగిలించానండీ. ఊళ్ళో కరెంటు చాల్లేదు. జనం జేబుల్లో ఫోన్లు కూడా పీల్చేసింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు స్తంభం దిగొచ్చి, అన్నా, ఇక వదిలెయ్, అని కాళ్ళు పట్టుకుంది. పైన మెరవబోతున్న మెరుపు మెరవకుండానే దిగొచ్చి మా ప్లగ్గులో దూరింది!"

"అంత లాగితే కన్వర్టరు డబ్బా కాలిపోలేదా?" అన్నారు ఓనరుగారు.

"నా చేతిలో కాలుతుందా? ఒట్టండీ, తాకి చూశా. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది!"

మరదలు గ్లాసు పక్కన పెట్టింది.

"ఇంతసేపటికి ఒక్క నిజం చెప్పావు బావా. ఓమంటే బరువు కాదు, అడ్డు. అడ్డు పెరిగేకొద్దీ కరెంటు తగ్గుతుంది. లక్ష ఓములు పెడితే దాని నెత్తిన ఏమీ లేనట్టే, హాయిగా నిద్రపోయుంటుంది. లోడు పెంచాలంటే ఓములు తగ్గించాలి."

మేమంతా పగలబడి నవ్వాం. బావ మొహం చిన్నబోయింది, పాపం, నాకు జాలేసింది కూడా. "మరి ఆ లిఫ్టు?" అని గొణిగాడు.

"నీ కోతలూ అంతే బావా," అంది మరదలు. "నంబరు పెరిగేకొద్దీ అందులో కరెంటు తగ్గిపోతోంది."

ఓనరుగారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

"బల్ల నీ మరదలిదయ్యా. నువ్వెళ్ళి పెట్టెలు మడువు. ఎన్ని మడిచినా లిఫ్టులు ఆగవు."